ఒక్క రోడ్డు, నాలుగు రేట్లు: దిల్‌సుఖ్‌నగర్ టు ఎల్బీ నగర్ కార్ వాష్ కథ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి, పిల్లర్ల వెంబడే ఎల్బీ నగర్ వైపు నడవడం మొదలుపెట్టండి. చైతన్యపురి, కొత్తపేట, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీ నగర్ చౌరస్తా. మొత్తం నాలుగు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. మెయిన్ రోడ్డు మీద చీరల షాపులు, మొబైల్ షోరూములు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. పక్క గల్లీల్లోకి తిరిగితే ఇంకో లోకం. తడి నేల, కంప్రెసర్ చప్పుడు, తెల్లటి నురగలో మునిగిన కారు, గోడకి ఒక రేటు బోర్డు.

ఆ బోర్డులు చదువుతూ వెళ్తే భలే తమాషాగా ఉంటుంది. ఒకచోట చిన్న కారు వాష్ 250. రెండు గల్లీల అవతల 350. ఇంకోచోట 499. గ్లాస్ డోరు, ఏసీ వెయిటింగ్ రూము ఉన్నచోట 699. అదే కారు, ఇంచుమించు అదే షాంపూ, అదే ముప్పావు గంట పని. మరి ఇంత తేడా ఎక్కడిది?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా పెద్దమ్మ కొడుకు ఎల్బీ నగర్ దగ్గర కార్ డీటెయిలింగ్ షాపు పెడుతున్నాడు. నాకంటే చిన్నవాడు. ఆరేళ్లు వేరేవాళ్ల షాపుల్లో పాలిషింగ్ మెషిన్ పట్టిన చెయ్యి. షెడ్డు మాట్లాడుకున్నాడు. మెషిన్లకి లోన్ తీసుకున్నాడు. అడ్వాన్స్ కట్టడానికి మరదలి గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టాడు. ఫ్లెక్సీ డిజైన్ కూడా రెడీ. అందులో ఒక్క కాలమ్ మాత్రం ఖాళీ. రేట్లు.

"పక్క గల్లీల 350 ఉంది. నేను 300 పెడ్త అన్నా, అందరు నా దగ్గరికే వస్తరు" అన్నాడు ఫోన్లో. "ఒక్క ఆదివారం ఆగు. ముందు రోడ్డంతా నడుద్దాం" అన్నాను. అట్లా నడిచిన నడకే ఇది.

మంచం లెక్క

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు భూములు ఇక్కడ ఉండేవని, అందుకే దిల్‌సుఖ్‌నగర్ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆ పొలాల చోట ఇప్పుడు హాస్టళ్లు మొలిచాయి. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో కోచింగ్‌కి వచ్చిన పిల్లలు బస్సు దిగి మొదట చూసేవి ఆ బోర్డులే. సింగిల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. మీలో చాలామంది ఆ బోర్డు కిందే నిలబడి ఇంటికి ఫోన్ చేసి ఉంటారు.

ఆ బోర్డు దగ్గరే మావాణ్ణి ఆపాను. హాస్టల్ ఓనరు గదిని అమ్మడు, మంచాన్ని అమ్ముతాడు. బిల్డింగ్ అద్దె, వంటమనిషి జీతం, కరెంటు, గ్యాసు అన్నీ కూడి, మంచాలతో భాగిస్తే ఒక్కో మంచానికి ఎంత పడుతుందో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. పక్క హాస్టల్ రేటు చూసేది ఆ తర్వాతే.

కారు షాపులో మంచం లాంటిది 'బే'. అంటే కారు నిలబెట్టి పని చేసే చోటు. మావాడి షెడ్డులో రెండు పడతాయి. డీటెయిలింగ్ షాపు నిజానికి అమ్మేది వాష్ కాదు, పాలిష్ కాదు, ఆ బేలో గంటలు. చాయ్ బండి పక్కన నిలబడి ఫోన్లోనే లెక్క వేశాం.

షెడ్డు అద్దె 35,000. ముగ్గురు కుర్రాళ్ల జీతాలు 54,000. కరెంటు 9,000. నీళ్లు 8,000. మెషిన్ల లోన్ కిస్తీ 12,000. ఫోను, చాయ్, చిల్లర ఖర్చులు 7,000. మొత్తం 1,25,000.

"మరి నీ జీతం?" అన్నాను.

"నాదేముంది అన్నా, మిగిలిందే నాది."

సొంత షాపు పెట్టే ప్రతి కుర్రాడూ ఇదే మాట అంటాడు. ఇదే మాట దగ్గర మునుగుతాడు. వేరే షాపులో పని చేసుకుంటే వాడికి నెలకి 25,000 వచ్చేవి. అది వదులుకుని వచ్చాడంటే అదీ ఖర్చే. కలిపితే నెలకి 1,50,000.

ఇప్పుడు గంటలు. నెలకి 26 రోజులు, రోజుకి 10 గంటలు, రెండు బేలు. మొత్తం 520 గంటలు. కానీ అన్నీ నిండుతాయా? మంగళవారం పొద్దున ఖాళీ. వాన పడితే రోజంతా ఖాళీ. అరవై శాతం నిండుతాయని అనుకున్నాం. 312 గంటలు. లక్షన్నరని 312తో భాగిస్తే బే గంట ఖరీదు దాదాపు 480 రూపాయలు. ఇందులో షాంపూ, గుడ్డలు ఇంకా లెక్కకు రాలేదు.

ఒక ఫోమ్ వాష్‌కి ముప్పావు గంట. అంటే 360. షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డల అరుగుదల 40 వేసుకుందాం. మొత్తం 400. పక్క గల్లీలో 350, వీడు పెడదామనుకున్నది 300!

ఆగండి, ఇంకోటి ఉంది. సర్వీసు వ్యాపారంలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. నెలకి లక్షా 70 వేలు వస్తే చాలు, దాటేస్తాం. దీని మీద పన్ను 18 శాతం. రేటులోనే పన్ను కలిపి 350 అని బోర్డు మీద రాస్తే, చేతికి మిగిలేది 297. ఖర్చు 400. అంటే కారు కారుకీ 103 రూపాయలు మనమే కస్టమర్ జేబులో పెట్టి పంపుతున్నట్టు. 50 లక్షల లోపు వ్యాపారానికి కాంపోజిషన్ స్కీమ్ అని ఇంకో దారి ఉంది. 6 శాతం కడితే సరిపోతుంది, కానీ దాన్ని కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు, మనం కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఏది మేలో సీఏ దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. ఏ దారిలో వెళ్లినా, మొదటి రోజు బోర్డు మీదే పన్ను కలిపి ఉండాలి. ఏడాది తర్వాత "ఇప్పటినుంచి పన్ను ఎక్స్‌ట్రా" అంటే ఏ గిరాకీ ఒప్పుకోడు.

మావాడు చాయ్ సగంలోనే పక్కన పెట్టేశాడు.

పండ్ల మార్కెట్ చెప్పే పాఠం

చైతన్యపురి దాటి కొత్తపేట. ఇక్కడే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. ఎండాకాలం వస్తే మామిడి లారీలు, ట్రాలీ ఆటోలు, గడ్డి వాసన, రోడ్డు మీద కదలని ట్రాఫిక్. ఆ మార్కెట్ ఇప్పుడు ఊరి బయట బాటసింగారానికి వెళ్లిపోయింది. ఆ స్థలాన్ని టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు.

మార్కెట్ వెళ్లిపోయినా అది నేర్పిన లెక్క మిగిలే ఉంది. పండిన మామిడికి పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు. ఎందుకంటే రేపటికి అది ఉండదు. బే గంట కూడా అంతే. బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 3 దాకా ఖాళీగా పోయిన గంటని ఆదివారం పొద్దున అమ్మలేం. ఫ్రిజ్‌లో పెట్టే వీలు లేదు. అద్దె, జీతాలు మాత్రం ఆ గంటకీ పడ్డాయి.

అందుకే 250 బోర్డు పెట్టినాయన్ని చూసి నవ్వకూడదు. ఆ షాపు దగ్గర కాసేపు నిలబడి చూశాం. వచ్చేవన్నీ క్యాబులే. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్యలో బండి కడిగించుకుని, చాయ్ తాగి వెళ్లిపోతున్నారు. లోపల కుర్చీలు ఉతకడం లేదు, పాలిష్ లేదు. పాతికేళ్లుగా మన ఊళ్లలో వాటర్ సర్వీసింగ్ అంటున్నామే, అదే. సొంత జాగా, అన్నదమ్ములే పనివాళ్లు. ఆయన బే గంట ఖరీదు 480 కాదు, అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఆయన రేటు ఆయనకి కరెక్టే. అద్దె షెడ్డులో లోన్ మీద నడిచే మావాడు ఆ రేటుతో పోటీ పడితే మాత్రం ముందు పోయేవి గాజులు.

ఇక్కడ ఒక తీర్మానం చేసుకున్నాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా వేరే రేటు. ఖాళీగా పోయే గంట కాబట్టి షాంపూ ఖర్చు, పన్ను పోను వచ్చే ప్రతి రూపాయీ అద్దెకి సాయమే. కానీ అది టైమ్‌ని బట్టి తగ్గాలి, మనిషిని బట్టి కాదు. "క్యాబ్ అన్నకి 300, నాకు 499 ఎందుకు?" అని ఎవరైనా అడిగితే జవాబు బోర్డు మీదే ఉండాలి. లేకపోతే తగ్గించిన రేటే నెల తిరక్కుండా అందరి రేటూ అయిపోతుంది.

బోణీ బేరం సంగతి కూడా తేల్చాం. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీ "బోణీ కదా తమ్మీ, ఓ వంద తగ్గించు" అంటాడు. కాదంటే మనకే మనసొప్పదు. వంద తగ్గించే బదులు టైర్లకి డ్రెస్సింగ్ ఫ్రీగా కొట్టిస్తే సరి. మనకి పడేది పది, పదిహేను రూపాయలు. బోణీ నిలబడుతుంది, రేటూ నిలబడుతుంది.

నీళ్లకీ ఒక రేటు

ఎల్బీ నగర్ వైపు నడుస్తుంటే కుడి చేతివైపు, ఇళ్ల వెనకాల సరూర్‌నగర్ చెరువు. 2020 అక్టోబర్ వానలు ఈ వైపు వాళ్లెవరూ మరిచిపోరు. చెరువు కింది కాలనీల్లో నీళ్లు నిలిచాయి, కార్లు సీట్ల దాకా మునిగాయి. అట్లా నీళ్లు చొరబడిన కారుకి బోర్డు మీద రేటు రాయడం తెలివితక్కువ. సీట్లు విప్పాలి, కింద కార్పెట్ లేపాలి, ఫోమ్‌లో దాగిన తడి ఆరేదాకా ఆగాలి. ఒక్క పూటలో అవుతుందో, మూడు రోజులు బేలోనే ఉంటుందో తలుపు తెరిచి వాసన చూస్తే గానీ తెలియదు. అందుకే ఆ వరుసలో అంకె బదులు 'బండి చూశాక చెబుతాం' అని రాయాలనుకున్నాం.

మామూలు రోజుల్లో నీళ్ల గొడవ వేరు. హైదరాబాద్‌కి వచ్చే కృష్ణా నీళ్లు ఇక్కడికి దగ్గరే ఉన్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌కే చేరతాయి. అయినా తాగే నీళ్లతో కార్లు కడగడం ఏ ఊళ్లోనూ ఎక్కువ రోజులు నడిచే పని కాదు. 2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు, తాగునీటితో బండ్లు కడిగితే 5,000 జరిమానా అని ఆర్డర్ వేసింది. మిగిలింది బోరు, లేదంటే ట్యాంకర్.

బోరు నీళ్లతో చిక్కేమిటంటే ఉప్పదనం. అందులోని కాల్షియం, మెగ్నీషియం కారు మీద నీళ్లు ఆరగానే తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. నల్ల కారయితే చెప్పనక్కర్లేదు. ఎండలో అట్లాగే వదిలేస్తే ఆ చుక్కలు పెయింటుని పట్టేసుకుంటాయి, తర్వాత పాలిష్ కొడితే గానీ పోవు. అంటే మంచి షాపువాడు నీడలో కడగాలి, వెంటనే తుడవాలి, వీలైతే సాఫ్ట్‌నర్ పెట్టుకోవాలి. వీటన్నిటికీ టైమూ, డబ్బూ పడతాయి.

ప్రెషర్ గన్ నిమిషానికి 8, 10 లీటర్లు లాగుతుంది. పన్నెండు నిమిషాలు నొక్కితే వంద లీటర్లు దాటుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్ నలభై, నలభై అయిదు కార్లకి వస్తుంది. ఎండాకాలంలో ట్యాంకర్ టైమ్‌కి రాకపోతే ఆ పూట బేలు ఖాళీ. నీళ్ల ఖర్చుకంటే నీళ్లు రాని రోజే ఎక్కువ ఖరీదు. మావాడు సంపు సైజు గురించి షెడ్డు ఓనర్‌తో మళ్లీ మాట్లాడతానన్నాడు.

నాలుగు మీటర్ల గొడవ

మేము చూసిన చాలా బోర్డుల్లో మూడు కాలమ్‌లు ఉన్నాయి. హ్యాచ్‌బ్యాక్, సెడాన్, ఎస్‌యూవీ. గొడవ మొదలయ్యేది ఇక్కడే.

మన దేశంలో 4 మీటర్ల లోపు పొడవున్న కారుకి పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీలో కూడా ఆ గీత అలాగే ఉంది. 4 మీటర్ల లోపు, చిన్న ఇంజన్ ఉంటే 18 శాతం, దాటితే 40. అందుకే కంపెనీలన్నీ ఎత్తుగా, ఎస్‌యూవీలా కనిపించే బండ్లని కూడా ఆ గీత లోపలే తయారుచేస్తున్నాయి. నెక్సాన్, బ్రెజా, వెన్యూ అన్నీ అట్లాంటివే.

ఇప్పుడు బ్రెజా ఓనరు వచ్చి నిలబడతాడు. "ఎస్‌యూవీ రేటు ఎందుకన్నా, ఇది చిన్న బండే కదా" అంటాడు. అదే మనిషి పెళ్లిచూపులప్పుడు మాత్రం మాది ఎస్‌యూవీ అని చెప్పి ఉంటాడు, అది వేరే సంగతి. షాపు ముందు వాదన పెట్టుకుంటే పది నిమిషాలు పోతాయి. మళ్లీ బే గంటే!

అందుకని పేర్లు తీసేశాం. పొడవు, సీట్ల వరుసలు చూసి మూడు రకాలు. 4 మీటర్ల లోపు, 4 మీటర్లు దాటినవి, మూడు వరుసల సీట్లున్నవి. ఎంత పెద్ద బండి అన్నదానికంటే ఎంతసేపు పడుతుందన్నదే లెక్క. ముప్పావు గంట, గంట, గంటంబావు.

హైవే వాసన

లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వచ్చిన ఎల్బీ నగర్‌కి చేరేసరికి ఊరి స్వభావమే మారిపోతుంది. ఇక్కడ నుంచి విజయవాడ హైవే ఒకవైపు, సాగర్ రోడ్డు ఒకవైపు, నాగోల్, ఉప్పల్ ఒకవైపు, కర్మన్‌ఘాట్ మీదుగా చాంద్రాయణగుట్ట ఇంకోవైపు. పైన ఫ్లైఓవర్లు, ఇంకా పైన మెట్రో. సంక్రాంతికి ముందు రెండు రోజులు ఈ చౌరస్తాని దాటినవాళ్లకి ఇక ట్రాఫిక్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ గల్లీ కారుకి ఉండే జబ్బు దుమ్ము, పక్క బండి హ్యాండిల్ గీత. ఎల్బీ నగర్ కారుకి ఉండే జబ్బు వేరు. బంపర్ మీద ఎండిపోయిన పురుగులు, చక్రాల పైన తారు చుక్కలు, బానెట్ మీద లారీ టైర్ల కింది నుంచి ఎగిరిన రాళ్ల దెబ్బలు. వాళ్లు అడిగేది కడగడం కాదు. "సెరామిక్ ఎంత? పీపీఎఫ్ ఎంత?"

ఇక్కడ అసలు విషయం తెలుసుకోవాలి. కారు పెయింట్ పైన మెరిసే క్లియర్ కోట్ అనే పొర మందం 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటే సన్నం. గీతలు పోవాలని రబ్బింగ్ కొట్టిన ప్రతిసారీ అందులోంచే కొంచెం అరుగుతుంది. అందుకే తెలిసిన పనివాడు ముందు మీటర్‌తో మందం చూస్తాడు, ఏ డోరు మీద మళ్లీ పెయింట్ పడిందో పట్టేస్తాడు, అవసరం ఉన్నంతే కొడతాడు. ఆ పొర ఒక్కసారి పోతే మళ్లీ పెయింటే దిక్కు. సెరామిక్ కోటింగ్ మెరుపునీ, నీళ్లు జారిపోయే గుణాన్నీ ఇస్తుంది, మురికి తొందరగా పట్టకుండా చూస్తుంది. రాయి దెబ్బని ఆపదు. దాన్ని కొంతవరకు ఆపేది పీపీఎఫ్, అంటే పైన అతికించే పారదర్శక ఫిల్మ్. ఈ రెండింటినీ కలిపి ఒకటే అన్నట్టు అమ్మే చోట జాగ్రత్త.

సెరామిక్ లెక్కా వేశాం. కడగడం, క్లే పట్టించడం, రెండు సార్లు పాలిష్, కోటింగ్, ఆరబెట్టడం. బేలో 14 గంటలు. అంటే 6,720. కోటింగ్ సీసా, ప్యాడ్లు, కాంపౌండ్ 3,800. మొత్తం 10,520. 15,000కి అమ్మితే, పన్ను పోను వచ్చేది 12,700. మిగిలేది రెండు వేల చిల్లర. మరి ఒకచోట '9,999 మాత్రమే' అని ఫ్లెక్సీ చూశాం. పన్ను పోను ఎనిమిదిన్నర వేలు కూడా రాదు.

"అద్దె మాలెక్కనే ఉన్నోడు ఆ రేటుకి చేస్తుండంటే ఏదో ఒకటి ఎగ్గొడ్తుండు అన్నా" అన్నాడు మావాడు. "పాలిష్ ఒక్కసారే కొడ్తడు. లేకుంటే గుడ్డ మార్చడు. లేకుంటే పిలగాండ్లకి జీతం ఆపుతడు."

ఆరేళ్లు ఆ పని చేసినవాడు చెప్పిన మాట అది. వాడి వేళ్ల మీద ఇప్పటికీ చక్రాలు కడిగే కెమికల్ మచ్చలున్నాయి. గ్లౌజులు ఇవ్వని షాపులో రెండేళ్లు చేశాడు. తక్కువ రేటు ఎప్పుడూ ఊరికే తక్కువ కాదు. ఆ తగ్గిన డబ్బుని ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఒకచోట కారు పెయింట్ కడుతుంది, ఇంకోచోట పనివాడి చెయ్యి కడుతుంది, మరోచోట ఓనర్ ఇంట్లోవాళ్లు కడతారు. షాపు ఖర్చుల్లో గ్లౌజులకి ఒక లైన్ కలపమన్నాడు వాడే. చిల్లర ఖర్చుల్లోంచి దానికి చోటు చేశాం.

ఎల్బీ నగర్‌కి ఇంకో వరం మెట్రో. అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా లైన్ 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. ఇది చివరి స్టేషన్. హయత్‌నగర్, వనస్థలిపురం వైపు నుంచి బండి మీద వచ్చి, ఇక్కడ వదిలేసి రైలెక్కేవాళ్లు బోలెడుమంది. కారు తొమ్మిది గంటలు ఊరికే నిలబడుతుంది. పొద్దున తాళం ఇచ్చి వెళ్లండి, సాయంత్రం మెరిసే కారు తీసుకోండి అంటే, మనకి ఖాళీగా ఉండే మధ్యాహ్నం గంటలే నిండుతాయి. లోపలి డ్రై క్లీనింగ్‌కి పట్టే నాలుగు గంటలకి ఇంతకంటే మంచి గిరాకీ ఎక్కడ దొరుకుతుంది?

దసరా ముందు రోజు

వాన పడితే ఊబర్‌లో రేటు పెరుగుతుంది. తిట్టుకుంటూనే ఎక్కుతాం. మరి ఆయుధపూజ ముందు రోజు ఊళ్లో ఉన్న ప్రతి బండీ కడిగించుకోవాలని వస్తుంది కదా, ఆ రోజు రేటు పెంచొచ్చా?

దీని మీద మా ఇద్దరికీ గట్టిగానే వాదన అయింది. నేను పెంచమన్నాను. వాడు ససేమిరా అన్నాడు. "యాప్‌కి మొఖం ఉండదు అన్నా. నాకు ఉంటది. తెల్లారి మళ్ల వాళ్లే ఎదురైతరు."

చివరికి వాడి మాటే నెగ్గింది. రేటు అదే, కానీ టోకెన్. ముందు బుక్ చేసుకున్నవాళ్లకే ఆ రోజు చోటు. ఆ రోజు పైపై వాష్ మాత్రమే, గంటలు తినే పనులు పెట్టుకోరు. పండగ తర్వాతి వారం ఇంకో చిన్న పని ఉంటుంది. కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి దగ్గరో, ఇంటి ముందో పూజ చేయించిన కార్ల బానెట్ మీద పసుపు, కుంకుమ బొట్లు అట్లాగే ఉండిపోతాయి. ఎండకి ఆరితే మరక పట్టేస్తుంది, పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. నీళ్లతో నానబెట్టి తీయాలి. దానికి డబ్బులు తీసుకోనన్నాడు. దేవుడి బొట్టుకి బిల్లు వేస్తే అమ్మ ఊరుకోదట.

బోర్డు మీద చివరికి రాసింది

ఫోమ్ వాష్ ఖర్చు 400, పన్ను కలిపితే 472. రాసింది 499. 4 మీటర్లు దాటిన కారుకి 649. మూడు వరుసల బండికి 799. వారం రోజుల్లో మధ్యాహ్నం అన్నిటికీ వంద తక్కువ. లోపలి డ్రై క్లీనింగ్‌కి నాలుగు గంటలు, కెమికల్స్ 150, మొత్తం 2,070. పన్ను కలిపి 2,499.

ఇందులో రిస్క్ లేదా అంటే, ఉంది. మా లెక్కంతా అరవై శాతం గంటలు నిండుతాయన్న నమ్మకం మీద నిలబడింది. 499 చూసి గిరాకీ పక్క గల్లీకి వెళ్లిపోయి, నలభై అయిదు శాతమే నిండితే బే గంట ఖరీదు 480 నుంచి 640కి ఎగబాకుతుంది. అప్పుడు 499 కూడా నష్టమే. రేటు పెంచితే గిరాకీ తగ్గొచ్చు, గిరాకీ తగ్గితే ఖర్చు పెరుగుతుంది. ఈ ముడి ఏ ఫార్ములాతోనూ విడిపోదు. అందుకే గల్లా పక్కన ఒక నోట్‌బుక్ పెట్టాం. రోజూ ఏ బే ఎన్ని గంటలు నిండింది, అంతే రాయాలి. మూడు నెలలకి ఆ పుస్తకం చెప్పినదాన్ని బట్టి బోర్డు మారుతుంది. పక్క షాపు బోర్డుని బట్టి కాదు.

మీరు షాపు పెట్టకపోయినా కారు కడిగించుకుంటారు కదా. ఈసారి బోర్డు చూసినప్పుడు మూడు అడగండి. ఎంతసేపు పడుతుంది? నా కారుకి కొత్త గుడ్డ వాడతారా? పన్ను కలిపేనా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాడి దగ్గర వంద ఎక్కువైనా పర్లేదు.

ఫ్లెక్సీ ప్రింట్‌కి మళ్లీ దిల్‌సుఖ్‌నగరే వచ్చాం. డిజైన్ చేసే కుర్రాడు అలవాటుగా 499 పక్కన 999 అని రాసి అడ్డంగా ఎర్ర గీత కొట్టబోయాడు. "అందరూ ఇట్లనే పెట్టిస్తరన్నా" అన్నాడు. మావాడు వద్దన్నాడు. ఆ జాగాలో '45 నిమిషాలు' అని రాయించాడు.